చేతికి చెప్పిన కథ

వీడియో గేము అన్నంతనే తుపాకుల మ్రోతయు, కారుల పరుగును, వానియెదుట నిద్రాహారములు మాని కూర్చున్న పిల్లల ముఖములును మనసునకు తోచుట సహజము. ఆ చిత్రములో అబద్ధమేమియు లేదు. అయినను గడచిన యేబది యేండ్లలో ఆ యాటలలో కొన్ని కథ చెప్పుటకు ఒక నూతనమార్గమును త్రొక్కినవనియు, అది కావ్యమునకు గాని నాటకమునకు గాని చలనచిత్రమునకు గాని సులభముగా అందునది కాదనియు నా విశ్వాసము. ఆ మార్గమెట్టిదో, ఎచట అది రాణించినదో, ఎచట దారి తప్పినదో ఈ పూట కొంత ముచ్చటింప దలచితిని. వినుటయే గాని చూచుట లేని రేడియోలో తెరమీది బొమ్మలను గూర్చి మాటలాడుట సాహసమే యగును. కాని ఈ జాతి కథలలో మొదటితరమువానికి బొమ్మలే లేకుండుట నాకు కొంత ధైర్యమిచ్చుచున్నది.

అమెరికాలో విలియం క్రౌథర్ అను కంప్యూటరు నిపుణుడొకడు గుహలలో దూరి తిరుగుటయందును, వాని లోపలి దారులను పటములుగా గీయుటయందును మిక్కిలి ఆసక్తి గలవాడు. కెంటకీ రాష్ట్రమున భూగర్భమందు వందలాది మైళ్లు వ్యాపించియున్న మామత్ గుహల దారులు ఆతనికి బాగుగా పరిచితములు. 1970 దశకము నడుమ భార్యతో ఎడబాటు సంభవించి, కూతుళ్లతో గడపు కాలము కొరతపడినప్పుడు, వారికి వినోదముగా నుండునని ఆతడు ఆ గుహలనే ఒక ఆటగా వ్రాసెను. తెరమీద అక్షరములు తప్ప మరేమియు నుండవు. మీరెచట నిలిచియున్నారో కంప్యూటరు రెండు మూడు వాక్యములలో వర్ణించును. ఉత్తరమునకు పొమ్మనియో, దీపము తీసికొమ్మనియో మీరు ఒకటి రెండు మాటలు టైపు చేయవలెను. అంతట అది తరువాతి చోటును వర్ణించును. 1977లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందలి డాన్ వుడ్స్ దానికి మరిన్ని మాయలను, నిధులను, చిక్కులను జోడించెను. అటుపిమ్మట అది ‘అడ్వెంచర్’ అను పేర ప్రసిద్ధికెక్కినది. సాహిత్యదృష్టితో చూచినచో ఆ వాక్యములలో చెప్పుకొనదగిన అందమేమియు లేదు. కాని వినువాడు ఏదో యొకటి చేసిననే తప్ప ఆ కథ అడుగు ముందుకు వేయదు. దీపము లేకుండ చీకటిలో నడచినచో గోతిలో పడి చచ్చువాడు ఎవడో రాజకుమారుడు కాడు, ఆ వినువాడే. తరువాత వచ్చిన వైభవమంతయు ఈ యొక్క ఏర్పాటునుండి మొలచినదే.

మన ఆలంకారికులు రసానుభవమును గూర్చి చేసిన విచారణ ఈ సందర్భమున మిగుల నుపకరించును. రంగస్థలముమీది దుఃఖము ఫలానా వ్యక్తికి చెందిన దుఃఖముగా గాక సర్వసాధారణమైనదిగా సహృదయునకు తోచుననియు, అందుచేతనే అది ఆస్వాదయోగ్యమగుననియు భట్టనాయకుడు చెప్పగా, అభినవగుప్తుడు దానిని విమర్శించుచునే మరింత లోతునకు కొనిపోయెను. ఉత్తరరామచరితము ప్రదర్శింపబడుచుండగా సీతను అడవికి పంపు ఘట్టమున ప్రేక్షకుని కంట నీరు తిరుగును. కాని పంపినవాడు తాను కాడు. ఆ సంకటము, ఆ సిగ్గు రామునివి. ప్రేక్షకునకు దక్కునది కరుణము మాత్రమే. వీడియో గేములో ఈ తెర తొలగిపోవుచున్నది. అచట చూచువాడే చేయువాడును. మీట నొక్కినది తన వ్రేలు. కావున నాటకము ఈయగల శోకభయవిస్మయములతోపాటు, నాటకము ఈయజాలని మరొక భావము, అనగా ‘ఇది నేను చేసితిని’ అను బాధ్యత, ఈ కళకు స్వాధీనమైనది. గేములోని కథకు జీవము వచ్చునది సంభాషణల సొగసుచేత గాని బొమ్మల నిగారింపుచేత గాని కాదు. ఆడువాని చేతికి ఏ పనిని అప్పగించిరో ఆ పనియే కథార్థమును మోయునప్పుడు మాత్రమే అది వచ్చునని నేను చెప్పవచ్చిన మాట.

ఇందుకు నాకు తోచినంతలో మేలైన దృష్టాంతము ‘పేపర్స్, ప్లీజ్’ అను ఆట. లూకస్ పోప్ అను అమెరికను జపానులో నివసించుచు దాదాపు ఒంటరిగా దీనిని నిర్మించి 2013 ఆగస్టులో విడుదల చేసెను. విమానాశ్రయములలో పాసుపోర్టులు తనిఖీ చేయు ఉద్యోగులను పలుమారులు గమనించుటవలన ఈ యూహ కలిగినదని ఆతడే చెప్పియున్నాడు. ఆట జరుగు దేశము కల్పితము, పేరు అర్‌స్టోట్స్‌కా. కాలము 1982 శీతకాలము. పొరుగుదేశమైన కొలేచియాతో ఆరేండ్లు సాగిన యుద్ధము ముగిసి, గ్రెస్టిన్ పట్టణమున సరిహద్దు ద్వారమును తెరచిరి. ప్రభుత్వమువారి లాటరీలో పేరు వచ్చుటచేత అచటి తనిఖీ ఉద్యోగము మీకు దక్కినది. రక్షింపవలసిన రాకుమారి లేదు, జయింపవలసిన కోట లేదు. ఒక చిన్న గది, ఒక బల్ల, నిబంధనల పుస్తకము, రెండు ముద్రలు: పచ్చనిది ప్రవేశమునకు, ఎఱ్ఱనిది తిరస్కారమునకు. గది వెలుపల మంచులో మనుష్యుల బారు.

మొదటినాడు స్వదేశీయులను మాత్రమే రానిచ్చుట నియమము; తరువాత విదేశీయులకును వీలు కలుగును, కాని దినదినము ఒక క్రొత్త పత్రము, ఒక క్రొత్త నిషేధము వచ్చి పడుచుండును. పేరు సరిపోలెనా, గడువు తీరెనా, ముద్ర అసలుదేనా, ఫొటోలోని ముఖము ఈ ముఖమేనా అని చూచుటకు కాగితములను ప్రక్కప్రక్కన పరచుకొనవలెను. బల్లయేమో బుద్ధిపూర్వకముగా ఇరుకుగా గీయబడినది, ఒక కాగితము మరియొకదానిక్రింద దాగుచుండును. ఈ ఇరుకు కేవలము చిత్రకారుని చమత్కారము కాదు. ఉద్యోగి మనస్సును ఇరుకుచేయు యంత్రమది. ఒక్కొక్కరిని సరిగా తనిఖీ చేసినందుకు ఐదు క్రెడిట్లు జీతము. దినమునకు రెండు తప్పులవరకు హెచ్చరిక, ఆపైన జరిమానా. సాయంకాలము తెరమీద ఇంటి లెక్క ప్రత్యక్షమగును: అద్దె, తిండి, చలికాపు. ఇంట భార్య, కుమారుడు, అత్తగారు, మరొక బంధువు. కుమారునకు జబ్బు చేసినచో మందుకొనుటయా, ఆ రాత్రికి తిండి పెట్టుటయా అని తేల్చుకొనవలసి వచ్చును. ఇంటివారి ముఖములు మనకు చూపరు; వారు కొన్ని పేర్లు, ప్రక్కన ‘ఆకలి’ అనియో ‘చలి’ అనియో ఒక మాట. అది చాలును.

ఐదవనాడో మరెప్పుడో బారులోనుండి ఒకడు వచ్చును. కాగితములన్నియు సక్రమముగా నున్నవి. పోవుచు పోవుచు, నా వెనుక నా భార్య వచ్చుచున్నది, ఆమెయెడల దయ చూపుడని వేడుకొనును. ఆమె వచ్చును, ప్రవేశపత్రము లేదు, తిరిగి పంపినచో అచట తన్ను చంపుదురని చెప్పును. ఆటయాడువాని చేతిలో అవే రెండు ముద్రలు. పచ్చముద్ర వేసినచో ప్రక్కనున్న యంత్రమునుండి కటకటమని హెచ్చరిక చీటీ వెలువడును. నవలాకారుడైనచో ఈ ఘట్టమున ఉద్యోగి అంతరంగమును పది పుటలు వర్ణించును. పోప్ ఒక్క వాక్యమైనను వ్రాయలేదు. ఆ అంతరంగము ఆడువాని యొద్దనే యున్నది గదా! ఆ దినమున ఇదివరకే రెండు తప్పులు చేసియున్నవాడు ఒక విధముగాను, చేయనివాడు మరొక విధముగాను ఆమె ముఖమును చూచును. దయకు ధర ఐదు క్రెడిట్లని ఎవరును చెప్పకయే తెలియును.

ఇంతకంటె గహనమైనది మరియొకటి కలదు. కొంతకాలము సాగిన పిమ్మట, ఒకని పాసుపోర్టులో జన్మతేది తప్పుగా కనబడినప్పుడు ఆడువాని మనస్సులో ఒక చిన్న సంతోషము పొడసూపును: పట్టుకొంటిని, జరిమానా తప్పినది, అని. కాలెన్స్క్ అను కాపలాభటుడొకడు, జనులను త్రిప్పి పంపుటకు బదులు నిర్బంధించినచో తనకు వచ్చు బహుమానములో పాలు ఇచ్చెదనని ఆశచూపును. ఇంట చలికాపునకు డబ్బు లేనినాడు ఆ మాట అంత పాపిష్ఠిగా వినబడదు. నిరంకుశప్రభుత్వము క్రూరులచేతనే నడచునని మనమనుకొందుము. తప్పులు పట్టుటలో నేర్పు సంపాదించి, ఆ నేర్పునకు తృప్తిపడు సామాన్యులచేత అది నడచునని ఈ యాట మన చేతికి నేర్పును. హాస్యమునకును లోటు లేదు. జోర్జీ అను వృద్ధుడొకడు, లేని దేశమైన కోబ్రస్తాను పౌరుడనని, చేతితో గీసికొన్న పాసుపోర్టు పట్టుకొని వచ్చును; త్రిప్పి పంపినను నొచ్చుకొనక మరొకనాడు మరల దర్శనమిచ్చును. ఆతని రాకకై ఎదురు చూచుట ఆ గదిలోని ఏకైక వినోదము.

2018లో రష్యాలో కొందరు ఈ యాటను లఘుచిత్రముగా తీసిరి. నటన శ్లాఘనీయము, గది యథాతథము, దీపపు వెలుతురు మనోహరము. దానిని చూచినప్పుడు ఉద్యోగి నిస్సహాయతకు మనకు జాలి కలుగును. ఆటలో ఆతనిపై జాలిపడుటకు తీరిక యుండదు, బారు కదలవలెను. కథ అదియే, మాటలు దాదాపు అవియే, దుఃఖము మాత్రము వేరు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి నా వాదముతో పనియే యుండదు.

అదే 2013లో స్వీడనునుండి వెలువడిన మరొక ఆట ‘బ్రదర్స్’. లెబనానులో పుట్టి స్వీడనులో స్థిరపడిన చలనచిత్రదర్శకుడు జోసెఫ్ ఫారెస్ దీనిని రూపొందించెను. తండ్రి మరణశయ్యపై నున్నాడు. జీవవృక్షజలమును తెచ్చుటకు అన్నదమ్ములిద్దరు బయలుదేరుదురు. కథ బాలల కథవలె సరళము. పాత్రలు మాటలాడునది కల్పితభాష, అర్థమే కాదు. కాని చేతులకు చేసిన యేర్పాటు అపూర్వము. రెండు చేతులతో పట్టుకొను కంట్రోలరులో ఎడమసగము అన్నది, కుడిసగము తమ్మునిది. ఒక బొటనవ్రేలితో అన్నను, రెండవదానితో తమ్ముని నడపుచు, పని చేయింపవలసివచ్చినప్పుడు ఆయా వైపు చూపుడువ్రేలి మీట నొక్కవలెను. తల్లి నీటమునిగి చనిపోవుటను కన్నులార చూచినవాడు గావున తమ్మునకు నీరన్న భయము. ఏరు దాటవలసినప్పుడెల్ల అన్న వీపు పట్టుకొని దాటును. మొదట ఈ రెండు చేతుల పొత్తు కుదరక అన్నదమ్ములు గోడలకు కొట్టుకొందురు. గంట గడచునప్పటికి చేతులకు అలవాటు పడి, ఎడమచేయి అన్నయనియే మనసులో స్థిరపడిపోవును.

త్రోవలో అన్న గాయపడి మరణించును. ఆతని శరీరమును గోతివరకు ఈడ్చి మట్టి కప్పు పని ఆడువానిదే. ఎడమచేతికి ఇక పని లేదు. తమ్ముడొక్కడే యింటికి మరలును; దారిలో వాననీరు పొంగి అడ్డము వచ్చును. కుడివైపు మీట ఎంత నొక్కినను తమ్ముడు నీట దిగడు, భయము. చాలసేపు తికమకపడిన పిమ్మట ఆడువానికి తోచును, ఎడమవైపు మీట నొక్కి చూతమని. నొక్కినంతనే తమ్ముడు ఈదును. అన్న ధైర్యము తమ్మునిలో నిలిచియున్నదని చెప్పుటకు కవి యైనచో ఒక పద్యము, దర్శకుడైనచో ఒక గతదృశ్యము చాలును. ఈ యాటలో ఆ యర్థము చూపుడువ్రేలి కొనకు తెలియును, మెదడునకు ఆ తరువాత తెలియును. చెప్పకయే స్ఫురింపజేయు ధ్వని యనదగినది ఈ కళలో ఏదైన నున్నచో అది యిదియే. ఆటలోని తక్కిన భాగమంతయు ఈ యెత్తున లేదనుటకు నేను వెనుదీయను; రాక్షసులతోడి ఘట్టములు కొన్ని సామాన్యములు.

మరణప్రసంగము వచ్చినది గనుక ఒక చిక్కును చెప్పవలెను. ఆటలలో చావు చవుక. గోతిలో పడినవాడు మరుక్షణమున గట్టుమీద లేచి నిలుచును. ఇట్టిచోట కరుణరసము పండుటెట్లు? 1997లో జపానువారి ‘ఫైనల్ ఫాంటసీ 7’ లో ఎరిత్ అను యువతి ప్రార్థనలో నుండగా ఖడ్గమునకు బలియగును. ఆమె ఆడువాని జట్టులో ఒకతె. గాయములు మాన్పుటలో దిట్ట. ఆడువాడు అనేక గంటలు శ్రమించి ఆమె శక్తిని పెంచియుండును. యుద్ధములలో పడిపోయినవారిని లేపుటకు ఫీనిక్స్ పక్షి ఈక అను సాధనము ఆతని సంచిలో నిండుగా నున్నది. ఈ మరణమునకు మాత్రము అది పనికిరాదు. ఇది న్యాయము కాదని ఆనాడు చాలమంది గొణిగిరి, ఆమెను బ్రతికించు రహస్యోపాయమున్నదని పుకార్లును వ్యాపించెను. వారు గమనింపనిది ఒకటి కలదు: తరువాతి యుద్ధమున గాయపడినప్పుడు మాన్పువారు లేక చేయి తడుముకొనుటయే ఆ విలాపము. లోటు కథలోనే గాక ఆటయొక్క లెక్కలో కూడ ఏర్పడినది.

ఇక విఫలతలు. ఆట నాపి, చలనచిత్రపు తునకను చూపి, మరల ఆటను నడపించు పద్ధతి చాలకాలము రాజ్యమేలినది, నేటికిని ఏలుచున్నది. ఆ తునకలో నాయకుడు ఒక్క ప్రాణము పోయినందుకు కుమిలి యేడ్చును. తునక ముగిసినంతనే అదే నాయకుని చేత ఆడువాడు రెండువందలమందిని చంపించును. ఈ వైరుధ్యమునకు 2007లో క్లింట్ హాకింగ్ అను ఆటల రూపశిల్పి ‘బయోషాక్’ ను విమర్శించుచు ఒక పారిభాషికనామము కల్పించెను. అప్పటినుండి విమర్శకులు దానిని అరగదీసి వాడుచున్నారు. బయోషాక్ సముద్రగర్భమున నిర్మితమైన రాప్చర్ అను నగరపు కథ. స్వార్థమే పరమధర్మమను సిద్ధాంతముపై దానిని ఆండ్రూ రయన్ అను ధనికుడు కట్టును. చిన్నపిల్లల శక్తిని అపహరింతువా, వారిని విడిపింతువా అని ఆట అడుగును, అది మంచి ప్రశ్నయే. కాని రేడియోలో మాటలాడు అట్లస్ అనువానికి సహాయము చేయనని మాత్రము అననీయదు. నడిమికి వచ్చుసరికి రహస్యము బయటపడును: అట్లస్ తన యాజ్ఞలతో కలిపి పలికిన ఒక మర్యాదవాక్యము నాయకుని వశము చేసికొను మంత్రమట. ఇంతసేపు ఆడువాడు తన బుద్ధితో నడచుచున్నానని భ్రమసి, చెప్పినదెల్ల చేసెను. ఇది నిస్సంశయముగా గొప్ప మలుపు. అయితే మంత్రము తెగిన తరువాత కూడ ఆట మరొకరి యాజ్ఞలనే వరుసగా వినిపించుచు, వానిని పాలించుట తప్ప మరొక పని చేతికి ఈయలేకపోయినది. హాకింగు మాటలోని సత్యము నాకు ఆ యుత్తరార్ధమున మరింత స్పష్టముగా కనబడినది.

ఆడువానికి స్వేచ్ఛనిచ్చి కథను కొమ్మలుగా చీల్చినచో సరిపోవునందురు కొందరు. గణితము దీని కడ్డు. రెండేసి దారులుగల నిర్ణయములు పది వచ్చినచో 1024 ముగింపులు వ్రాయవలెను. ఏ రచయితకును అంత యోపిక లేదు, అందుచేత కొమ్మలు మరల మానులోనే కలియును. కలసినందుకు నష్టము లేదు. సరిహద్దు గదిలోని ఉద్యోగికి అంత స్వేచ్ఛ యెచటిది?

లూకస్ పోప్ రెండవ పెద్ద యాట, 2018లో వచ్చిన ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’, చేతికి బదులు తర్కమునకు పని చెప్పును. ఈస్టిండియా కంపెనీ ఓడ యొకటి 1807లో ఇంగ్లండు తీరమున తేలినది. మనిషి జాడ లేదు. కంపెనీ పక్షమున నష్టపు లెక్క వ్రాయవలసిన పరీక్షకుడు ఆడువాడు. శవము కనబడినచోట ఒక మాయగడియారము తెరచినచో మరణక్షణము బొమ్మయై నిలిచిపోవును. ఆ బొమ్మలో తిరుగాడి, 60 మంది యెవరెవరో, ఎట్లు పోయిరో చిట్టాలో వ్రాయవలెను. ఒకని మాటయాసనుండి, మరొకని పడకసంఖ్యనుండి, వేరొకని పాదరక్షలనుండి ఊహింపవలెను. వారిలో భారతీయ నావికులును కలరు. ముగ్గురి గతి సరిగా తేలిన తరువాతనే ఆట ఔనని ఒప్పుకొనును గావున గ్రుడ్డి యూహలు సాగవు. ఇచట కథ జరిగిపోయినది. దానిని మార్చుటకు వీలు లేదు. అయినను ప్రత్యక్షమునుండి అనుమానమునకు పోవు దారి ఆడువానిది గావున, ఏ నవల చదివినను కలుగని స్వామ్యము ఆ కథపై కలుగును.

తెలుగున ఇట్టి యాట వ్రాయబూనినవారు పురాణయోధులకు బాణములు కూర్చుటకు ముందుగా ఒక సంగతి ఆలోచింపవలెనని నా కోరిక: మన జీవితములో ఏ చేతిపనియందు ఒక లోకమంతయు ఇమిడియున్నది? 1984 ఆరంభమున ఆంధ్రప్రదేశమున రద్దగువరకు గ్రామకరణమని యొక యుద్యోగముండెను. తెలంగాణమున పట్వారి యనిరి. ఏ సర్వే నంబరులో ఎవడు సాగుచేయుచున్నాడో, ఏ పైరు వేసెనో, శిస్తు ఎంతయో అడంగలను గ్రామలెక్కల పుస్తకములో వ్రాయు కలము ఆతనిది. భూస్వామి ఒక పేరు కొట్టివేయుమనును. కౌలురైతు తన పేరు ఎక్కింపుమని వేడుకొనును. కరణము ఇంట పెండ్లికెదిగిన కూతురుండును. ఏటేట జమాబందీకి పైయధికారులు వచ్చి లెక్కలు తిరుగవేయుదురు. ఆడువాని చేతికి ఒక కలము, ఒక సిరాబుడ్డి, గడులు గీసిన పుస్తకము ఇచ్చినచో చాలును, ఖడ్గమక్కరలేదు. హైదరాబాదులో ఆటలు నిర్మించు యువతీయువకులు నేడు పెక్కుమంది కలరు. వారిలో ఎవరైన ఈ పనికి పూనుకొన్నచో, ఆ పుస్తకములో ఏ గడి యెచటనుండెడిదో, ఏ గడిలో వ్రాసిన తప్పు పట్టుబడెడిది కాదో చెప్పగల మాజీకరణములు పల్లెలలో ఇంకను కొందరు మిగిలియున్నారు. వారిని త్వరగా పోయి కలిసికొనుట మంచిది.